మెర్క్యురీ డైము కొనేముందు బొరుసు చూడండి

అమెరికన్ వెండి డైములు, అంటే పది సెంట్ల నాణేలు, పోగుచేసేవాళ్ళు మొదట చూసేది సంవత్సరం, ఆ తర్వాత ఏ టంకశాలలో కొట్టారో చెప్పే మింటు గుర్తు. చేతులు మారి అరిగిన నాణేలకు ఆ లెక్క సరిపోతుంది. చెలామణీలోకే వెళ్ళని, మెరుపు తగ్గని నాణేల దగ్గరికొస్తే అది తలకిందులవుతుంది. 1945లో ఫిలడెల్ఫియా టంకశాల 15 కోట్ల 91 లక్షల మెర్క్యురీ డైములు కొట్టింది. మామూలుది కావాలంటే ఏ నాణేల దుకాణంలో అడిగినా తీసిస్తారు. బొరుసు మీద నడిమి పట్టీలు పూర్తిగా విడివడినది కావాలంటే మాత్రం ఈ డైములన్నిటిలోనూ అంత దొరకనిది ఇంకోటి లేదు.

ఈ డైములు 1916 నుంచి 1945 దాకా వచ్చాయి. నడుమ 1922, 1932, 1933లలో కొట్టలేదు. సంవత్సరం, మింటు లెక్కన పూర్తి సెట్టుకు 77 నాణేలు. రూపకర్త అడాల్ఫ్ వైన్‌మన్. బరువు 2.5 గ్రాములు, వ్యాసం 17.9 మిల్లీమీటర్లు, 90 శాతం వెండి, మిగతాది రాగి. బొమ్మ వైపున్నది రెక్కల టోపీ పెట్టుకున్న లిబర్టీ. జనం ఆమెను మెర్క్యురీ దేవుడనుకున్నారు, ఆ పేరే స్థిరపడింది. బొరుసు మీద కర్రల కట్ట, దానికో గొడ్డలి, పక్కన ఆలివ్ కొమ్మ ఉంటాయి. ఆ కట్టకు పైన, నడుమ, కింద అడ్డపట్టీలు కట్టి ఉంటాయి. అసలు కథంతా ఆ నడిమి జంట పట్టీలదే. వాటి మధ్య గీత ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎక్కడా తెగకుండా కనిపిస్తేనే నాణేలను పరీక్షించి గ్రేడు ఇచ్చే సంస్థలు పి.సి.జి.ఎస్. అయినా ఎన్.జి.సి. అయినా గ్రేడు పక్కన ఎఫ్.బి., అంటే ఫుల్ బ్యాండ్స్, అని రాస్తాయి.

ఆ గీత ఎందుకు పడదంటే, నడిమి పట్టీలకు సరిగ్గా వెనక లిబర్టీ తల ఉంది. నాణెంలో అన్నిటికన్నా ఎత్తైన భాగం అదే. దెబ్బ పడినప్పుడు లోహం ఒకేసారి రెండు వైపుల లోతుల్లోకీ పారాలి. నాణెం కొట్టే రెండు అచ్చుల, అంటే డైల, మధ్య ఎడం కాస్త ఎక్కువైనా, డై అరిగినా లోహం ముందు బొమ్మ వైపు లోతుల్ని నింపుతుంది, పట్టీలకు చాలదు. అప్పుడు రెండు పట్టీలూ కలిసి ఒకే దిబ్బలా వస్తాయి. ఇది వాడకం వల్ల వచ్చిన అరుగుదల కాదు, పుట్టుకతో వచ్చిన లోపం. అందుకే చెలామణీలోకి వెళ్ళని నాణేలకిచ్చే ఎం.ఎస్. గ్రేడుల్లో బాగా పైదైన ఎం.ఎస్.-67 నాణేనికి కూడా ఎఫ్.బి. లేకపోవచ్చు. 1920ల నాటి శాన్ ఫ్రాన్సిస్కో డైముల్లో ఈ లోపం విపరీతం.

చూసే పద్ధతి ఇది. కిందికి దించగలిగే టేబుల్ ల్యాంపు, అందులో 75 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు పెట్టుకోండి. ట్యూబ్‌లైటు కింద నాణెం చూడటం దండగ. వెలుగు అన్ని దిక్కులకూ పరుచుకుపోయి, తుడిచిన సన్నగీతలు కనబడవు. నాణేన్ని అంచులతో మాత్రమే పట్టుకుని, కింద మెత్తటి గుడ్డ పరిచి, నెమ్మదిగా తిప్పండి. మింటులో కొట్టినప్పటి మెరుపు ఉంటే, వెలుగు చక్రం ఆకుల్లా గిర్రున తిరుగుతుంది. బుగ్గ మీద, చెవి ముందరి జుట్టు మీద ఆ తిరుగుడు తెగి మసక బూడిద రంగు కనిపిస్తే అది చెలామణీలో తిరిగిన నాణెమే, అమ్మేవాడు ఏం చెప్పినా సరే. ఆ తర్వాత 10 రెట్ల భూతద్దంతో పట్టీలకు రండి. వెలుగు పట్టీలకు అడ్డంగా కాక నిలువుగా, పైనుంచో కిందనుంచో పడాలి. అప్పుడే గీతలో నీడ పడుతుంది.

ఇక్కడ రెండు మోసపోయే చోట్లున్నాయి. మొదటిది, పక్క నాణెం తగిలి పడ్డ చిన్న గాటు. గీత అంతా బాగానే ఉన్నా ఒకచోట గాటు దాన్ని దాటి రెండు పట్టీలనూ కలిపేస్తే ఎఫ్.బి. పోయినట్టే. రెండోది దురుద్దేశంతో చేసేది, సూదితో గీత గీయడం. అలాంటి గీత అడుగున లోహం కొత్తగా తళుక్కుమంటుంది, అంచుల్లో సన్నటి రేకు లేచి ఉంటుంది, చుట్టుపక్కల ఉన్న పాత మెరుపుతో కలవదు. ఎఫ్.బి.కి ఎంత ఎక్కువ ధర పలికితే ఈ సూదిపని అంత ఎక్కువ. స్లాబులో, అంటే గ్రేడింగ్ సంస్థ సీలు చేసిన ప్లాస్టిక్ పెట్టెలో, లేని 1945 ఫిలడెల్ఫియా ఎఫ్.బి. ఎవరైనా చవగ్గా ఇస్తానంటే, నా మాట విని దణ్ణం పెట్టి వచ్చేయండి.

1916 డెన్వర్ డైము సంగతి వేరు. కొట్టింది 2,64,000 మాత్రమే, కాబట్టి ఏ గ్రేడులోనైనా అరుదే. దొంగసరుకులో ఎక్కువ భాగం అదే ఏడాది ఫిలడెల్ఫియా నాణేనికి డెన్వర్ గుర్తైన డి అక్షరం అతికించినవి. మింటు గుర్తు బొరుసు మీద, కట్ట అడుగు పక్కన ఉంటుంది. భూతద్దం కింద అక్షరం అడుగున అతుకు గీత గానీ రంగు తేడా గానీ ఉందేమో చూడండి. అసలు నాణేలకు వాడిన బొరుసు డైలు నాలుగే, కాబట్టి అక్షరం ఉండాల్సిన చోట్లు కూడా నాలుగే. వాటి ఫొటోలు పక్కన పెట్టుకుని పోల్చి చూడాలి. స్లాబులో ఉన్నా దాని మీది నంబరును గ్రేడింగ్ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడ ఫొటో ఉంటే మీ చేతిలోని నాణెంతో గీతగీతా సరిచూడండి. నకిలీ స్లాబులు కూడా తయారవుతున్నాయి. 1942/1 నాణెంలోనైతే 2కు ఎడమపక్కన 1 నిలువుగీత కనిపిస్తుంది. డై తయారుచేసే ఉక్కు మూసను హబ్బు అంటారు. 1941 హబ్బు, 1942 హబ్బు రెండూ ఒకే డై మీద పడటంతో వచ్చింది అది.

ఇక దాచడం. మన ఇళ్ళలో వెండి కంచం నల్లబడితే విభూతితోనో పళ్ళపొడితోనో రుద్దేస్తాం. కంచానికి ఏమీ కాదు. డైముకు మాత్రం ఒక్క రుద్దుతో ప్రాణం పోతుంది. ఆ మెరుపు లోహం పారినప్పుడు పడ్డ కంటికి ఆనని సన్న గీతల వల్ల వచ్చేది. అవి చెరిగాక మళ్ళీ రావు, గ్రేడింగ్‌కు పంపితే అంకె లేకుండా డీటెయిల్స్ అని తిరిగొస్తుంది. వెండిని శుభ్రం చేసే ద్రవమైన డిప్పులో ముంచినా పైపొర కరిగిపోతుంది, నాలుగైదుసార్లు ముంచితే నాణెం పాలిపోతుంది.

మెత్తటి పి.వి.సి. కవర్లలో పెడితే కొన్నాళ్ళకు ఆకుపచ్చ జిగురు పడుతుంది. ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆమ్లం రాగిని పట్టుకుంటుంది. దానికి మందు శుద్ధమైన అసిటోన్. గోళ్ళరంగు చెరిపే ద్రవం పనికిరాదు, అందులో నూనె, సువాసన కలుపుతారు. గాజుగిన్నెలో నాణెం మునిగేలా పోసి పది నిమిషాలుంచి, రెండో గిన్నెలో తాజా అసిటోన్‌లోకి మార్చి, అంచు పట్టి తీసి గాలికే ఆరనివ్వండి. తుడవొద్దు. కిటికీలు తెరవండి, దగ్గర్లో పొయ్యి, దీపం ఉండకూడదు. నాణెం మీద కాలంతో తేలిన రంగు, అంటే టోనింగ్, దీనికి పోదు, ఎందుకంటే అది వెండి, గంధకం కలిసి పుట్టిన పొర. సహజంగా వచ్చిన రంగులు పసుపు, ఎరుపు కలిసిన ఊదా, నీలం అన్న వరుసలో ఒకదాంట్లోకి ఒకటి జారతాయి. వరుస తప్పి మచ్చల్లా పైన తేలుతుంటే అనుమానించాలి.

అమెరికా నుంచి విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళకు నాణేలు తెచ్చుకునేవాళ్ళు మైలార్ అనే పి.వి.సి. కాని ప్లాస్టిక్ కవరు గానీ గట్టి ప్లాస్టిక్ గొట్టం గానీ వాడి, మూతగట్టి డబ్బాలో సిలికా జెల్ పెట్టి, రంగు మారినప్పుడల్లా ఎండబెట్టుకోవాలి. బీరువాలో రబ్బరు బ్యాండ్లు, ఉన్ని బట్టలు, పాత పేపర్లు పక్కన ఉండకూడదు. గంధకం వాటి నుంచే వస్తుంది.

తోటివాళ్ళకు చూపించేటప్పుడు ఒక్క ఫొటోతో సరిపెట్టకండి. కెమెరా నిట్టనిలువుగా, దీపాలు గడియారంలో 10, 2 అంకెల దగ్గర ఉంచి బొమ్మ, బొరుసు తీయండి. మూడోది పట్టీల దగ్గరి ఫొటో. అది లేకుండా ఎఫ్.బి. అని రాస్తే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. స్లాబు మీద దీపం మెరిస్తే స్లాబును కాదు, దీపాన్ని కదపండి. రంగులున్న నాణేనికి లెన్సుకూ నాణేనికీ మధ్య గాజు పలకను 45 డిగ్రీల వాలులో పెట్టి, పక్కనుంచి వెలుగు కొట్టండి. వెలుగు గాజుమీద పడి తిన్నగా నాణెం మీదికి దిగుతుంది, రంగు ఉన్నదున్నట్టు వస్తుంది. ఫొటోలో రంగు సాచురేషన్ పెంచి పెట్టడం మాత్రం అబద్ధమాడటమే. గాట్లు, పాత వేలిముద్రలు ఉంటే ముందే రాసేయండి.

అమెరికాలో మార్పిడికి పంపేటప్పుడు నాణెం కదలకుండా, ఊపితే చప్పుడు రాకుండా కట్టాలి, పెట్టె మీద నాణేలు అన్న మాట ఎక్కడా రాయకూడదు. విలువైనదైతే రిజిస్టర్డ్ మెయిల్ మేలు, 50,000 డాలర్ల దాకా బీమా ఉంటుంది. పెట్టె అతుకులన్నిటి మీదా పోస్టాఫీసువాళ్ళు ముద్ర వేస్తారు కాబట్టి మెరిసే ప్లాస్టిక్ టేపు ఒప్పుకోరు. సిరా పీల్చుకునే కాగితపు టేపే అంటించి తీసుకెళ్ళండి.