మోరంచపల్లి అనలేకపోయాను

వరంగల్‌లో టీవీ రిపోర్టర్‌గా పనిచేసేవాళ్ల నోట్లో రోజూ తిరిగే ఊళ్ల పేర్లు ఇవి: ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, పరకాల, మంగపేట, మేడారం. పెదవులు కలిస్తేగానీ వీటిలో ఒక్కటీ పలకదు. ఏళ్ల తరబడి ఈ పేర్లు చెబుతూ బతికిన నాకు ఆ సంగతి 2023 జులై ఆఖరులో తెలిసింది. నా మొహంలో ఎడమ సగం కదలడం మానేసిన పొద్దున తెలిసింది.

ఆ జులై వానలను ఈ జిల్లాలవాళ్లెవరూ మరిచిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకుముందు ఎక్కడా అంత వాన నమోదు కాలేదు. 27న తెల్లవారుజామున మోరంచవాగు ఊరి మీద పడితే మోరంచపల్లి జనం మిద్దెలెక్కి, చెట్లెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. కొందరికి దక్కలేదు. కొండాయిలో జంపన్నవాగు మనుషులను లాక్కుపోయింది. హనుమకొండలో నాలాలు పొంగి కాలనీలు మునిగాయి. మాకు లైవ్ మీద లైవ్. ఒంటి మీద తడి బట్టలు ఒంటి మీదే ఆరేవి. ఒక లైవ్ అయ్యాక ఇంకో ఊరికి పోయేలోపు కారులో పావుగంట కునుకు, అదే నిద్ర.

వరద తీసిన రోజుల్లోనే ఎడమ చెవి వెనక నొప్పి మొదలైంది. పొద్దస్తమానం ఇయర్‌పీస్ పెట్టుకుని ఉండటంవల్ల అనుకున్నాను. ఆ చెవిలో డెస్క్ వాళ్ల గొంతు మామూలు కంటే చాలా గట్టిగా వినిపించేది. ఎదురుగా ఎవరైనా స్టీలు గ్లాసు కింద పెడితే చెవిలో సూది గుచ్చినట్టుండేది. ఇదంతా జబ్బుకు ముందు వచ్చే లక్షణమని తర్వాత డాక్టరు చెబితే తెలిసింది.

మర్నాడు పొద్దున పళ్లు తోముకుని పుక్కిలిస్తే నీళ్లు నోటి పక్క నుంచి జారిపోయాయి. టీ తాగితే టీ జారింది. అద్దంలో చూస్తే ఎడమ బుగ్గ వేలాడుతోంది, ఎడమ కన్ను రెప్ప వేస్తున్నా మూసుకోవడం లేదు, కనుగుడ్డు మాత్రం పైకి తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే డెస్క్ నుంచి ఫోన్. మోరంచపల్లి బాధితుల పరిస్థితి మీద ఫోనో, అంటే ఫోన్‌లోనే లైవ్ రిపోర్ట్, ఇవ్వాలి. యాంకర్ ప్రశ్న అడిగింది. నేను ఊరి పేరు దగ్గరే ఆగిపోయాను. ఎన్నిసార్లు అన్నా ‘ఓరంచ’ అనే వస్తోంది, ‘పల్లి’ గాలిలా పోతోంది. లైన్ సరిగా లేనట్టుంది అని యాంకర్ అనడం, కాల్ కట్ కావడం వినపడ్డాయి.

మా అత్తమ్మ నన్ను చూసి గుండెలు బాదుకున్నారు. “అయ్యో బిడ్డా, మూతి వంకర వోయిందేందే! పక్షవాతం గిట్ల గాదు గదా?” పక్కింటి పెద్దవ్వ వచ్చి చల్లగాలి కొట్టిందని తేల్చేసింది. ఫలానా ఊళ్లో పసరు పోస్తరు, మూడు వారాలు పోతే మూతి దారికొస్తదని చెప్పింది. ఆమెకు నా మీద ఉన్న ప్రేమను నేను శంకించను. కానీ మా ఆయన అప్పటికే బండి తీశాడు. ఆస్పత్రికి పోయేదాకా మా ఇద్దరి మనసులో ఉన్నది ఒకటే, అత్తమ్మ అన్న మాట. మా నాన్నకు వచ్చింది అదే. నలభై దాటిన నాకూ వచ్చిందనుకున్నాను.

న్యూరాలజీ డాక్టరు నన్ను చూసీ చూడగానే “కనుబొమ్మలు పైకెత్తండి” అన్నారు. కుడివైపు నుదుటి మీద గీతలు పడ్డాయి, ఎడమవైపు నున్నగా ఉండిపోయింది. చేతులు చాపించారు, నడిపించారు, మాటలు అడిగారు. అన్నీ బాగున్నాయి. “ఇది బెల్స్ పాల్సీ అమ్మా. మెదడులో ఏం కాలేదు” అన్నారు. మెదడులో స్ట్రోక్ వస్తే మూతి వంకరపోయినా నుదురు సాధారణంగా ముడుచుకుంటుందట, ఎందుకంటే నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ నరాల అదుపు ఉంటుంది. నాకు నుదురు కూడా కదలడం లేదంటే దెబ్బ మెదడులో లేదు, చెవి వెనక నుంచి మొహంలోకి వచ్చే నరం దగ్గరే ఉంది. ఆ నరం ఎముకలోని ఇరుకు సొరంగంలోంచి వస్తుంది. అక్కడ వాపు వస్తే నరం నలిగిపోతుంది. ఒంట్లో ఎప్పటి నుంచో దాగి ఉన్న హెర్పిస్ లాంటి వైరస్ మళ్లీ లేవడం దీనికి కారణం కావొచ్చని అంటారు. చల్లగాలి సంగతి అడిగితే దానికి రుజువు లేదన్నారు.

షుగర్ చూశారు. షుగర్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు ఈ జబ్బు వచ్చే అవకాశం కాస్త ఎక్కువ, పైగా ఇచ్చే మందు షుగర్‌ను పెంచుతుంది. నాకు లేదు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రాశారు. కొన్ని రోజులు పూర్తి డోసు, ఆ తర్వాత తగ్గించుకుంటూ ఆపేయడం. కంటికి పగలు చుక్కలు, రాత్రి జెల్. చీటీ చూసి మా ఆయన ఇంతేనా అన్నాడు. నిజంగా అంతే. అసలు విషయం టైమ్‌లో ఉంది. ఈ మాత్రలు లక్షణాలు మొదలైన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. మందు లేకున్నా నూటికి 70 మందికి పూర్తిగా నయమవుతుంది, మందు త్వరగా పడితే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. పసరు కోసం మూడు వారాలు తిరిగినవాళ్లకు ఆ మూడు రోజులు మళ్లీ రావు. పసరు పోసేవాళ్లు నయమైందని చెప్పుకునేవాళ్లలో చాలామంది ఆ డెబ్బై మందిలోని వాళ్లేనని నాకు అప్పుడు అర్థమైంది. రిపోర్టర్‌గా ఎన్ని పసరు కథలు విన్నానో, ఈ ఒక్క లెక్క ఎవరూ నాకు చెప్పలేదు.

మొహం సంగతి తర్వాత, అసలు బాధ కంటితోనే. మూసుకోని కన్ను ఆరిపోతుంది, మంట పుడుతుంది, దుమ్ము పడితే నల్లగుడ్డు మీద పుండు పడొచ్చు. మా రోడ్లమీద దుమ్ముకు కొదవ లేదు కాబట్టి బయటికి పోతే అద్దాలు తప్పనిసరి. రాత్రి జెల్ వేసి, రెప్పను వేలితో కిందికి దించి టేప్ అంటించుకుని పడుకునేదాన్ని. నిద్రలో టేప్ ఊడితే తెరుచుకున్న కంటితోనే మేలుకునేదాన్ని. అన్నం ముద్ద ఎడమ బుగ్గలో ఇరుక్కుంటే వేలుతో తీసుకోవాల్సి వచ్చేది. నాలుక ఎడమవైపు రుచి పోయింది. పచ్చిపులుసు సగం నోటికి పచ్చిపులుసు, సగం నోటికి ఉత్త నీళ్లు. నలుగురిలో కూర్చుని తినడం మానేశాను. చుట్టాల పెళ్లికి పోలేదు. ఎవరైనా నవ్విస్తారేమోనని భయపడే రోజులు ఉంటాయని నేనెప్పుడూ అనుకోలేదు.

ఖాళీగా కూర్చుంటే పాత రోజులన్నీ వచ్చేవి. నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు జిల్లా నుంచి వార్త పోవాలంటే క్యాసెట్ పోవాలి. షూట్ అయ్యాక కవర్‌లో పెట్టి, దాని మీద ఛానెల్ పేరు రాసి, హైదరాబాద్ పోయే బస్సులో డ్రైవర్‌కో, కాజీపేటలో రైలెక్కే తెలిసినవాళ్లకో ఇచ్చి పంపేవాళ్లం. 1995లో ఈటీవీ, 2004లో టీవీ9 వచ్చాక తెలుగులో వార్త పరుగు పెరుగుతూ పోయింది. 2010 మే 28న మహబూబాబాద్ రైల్వేస్టేషన్‌లో రాళ్లు, కాల్పులు. ఉద్యమంలో కాకతీయ యూనివర్సిటీ గేటు ముందు టియర్ గ్యాస్. 2014 జూన్ 2 అర్ధరాత్రి సంబరాలు. ఆ తర్వాత ఒక్క వరంగల్ జిల్లా కాస్తా ముక్కలై కలెక్టరేట్లు పెరిగాయి, మా తిరుగుడూ పెరిగింది. క్యాసెట్ పోయింది, ఉన్నచోటి నుంచే లైవ్ పంపే ఓబీ వ్యాన్ వచ్చింది, వీపున మోసే లైవ్ కిట్ వచ్చింది, చివరికి ఫోన్ చాలనే దాకా వచ్చాం. ఇన్ని మారినా, లోగో పట్టుకుని కెమెరా ముందు నిలబడటం మారలేదు. దాన్ని పోగొట్టుకుంటే నాకు ఏం మిగులుతుందన్నది మంచం మీద నన్ను నమిలేసిన ప్రశ్న.

ఆఫీసు నుంచి మొదట్లో బాగానే అడిగారు. తర్వాత “మొహం సెట్ అయ్యేదాకా స్క్రీన్ మీదకు వద్దు” అన్నారు. ఇన్‌పుట్ డెస్క్ కోసం ఇంటి నుంచి ఫోన్ మీద వార్తలు తీసుకోవడం, స్క్రిప్టులు రాయడం నా పనైంది. అక్టోబర్‌లో ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. నా జిల్లాల్లో ప్రచారానికి హైదరాబాద్ నుంచి ఇంకో రిపోర్టర్‌ను పంపారు. నేను నంబర్లు ఇచ్చాను, ఊళ్ల దారులు చెప్పాను. ఆ అబ్బాయి మంచివాడు, నన్ను అక్కా అంటూ అన్నీ అడిగి చేసేవాడు. టీవీలో అతను మేడారం అంటుంటే నేను ఇంట్లో పెదవిని వేలితో నొక్కిపట్టి అదే మాట అనేదాన్ని.

అద్దం ముందు కూర్చోవడం ఫిజియోథెరపిస్ట్ నేర్పింది. గట్టిగా పళ్లు బిగించి మొహం గుంజొద్దు, మెల్లగా, రెండువైపులా సమానంగా వచ్చినంతే కదిలించమంది. బలవంతం చేస్తే నరం మళ్లీ పెరిగేటప్పుడు తప్పుదారిలో అతుక్కుని, నవ్వితే కన్ను మూసుకుపోవడం లాంటివి వస్తాయట. కరెంటు పెట్టించుకో, బబుల్‌గమ్ నములు అని చెప్పినవాళ్లు ఎంతమందో. డాక్టరు రెండూ వద్దన్నారు. మా చిన్నది స్కూలు నుంచి రాగానే నా పక్కన కూర్చుని ప, ఫ, బ, భ, మ చదివించేది. నేను సరిగా అనకపోతే టీచర్‌లా కళ్లెర్రజేసేది.

వారాలు గడిచినా ఏం కదల్లేదు. మూడు నాలుగు నెలలైనా కదలిక రాకపోతే మళ్లీ పరీక్షలు చేయాల్సి ఉంటుందని డాక్టరు ముందే చెప్పారు కాబట్టి ఆ టెన్షన్ ఒకటి. బతుకమ్మ రోజుల్లో, అక్టోబర్ మధ్యలో, ఒకనాడు పొద్దున అద్దంలో ఎడమ మూతి కొస సన్నగా అదిరింది. మా ఆయనను పిలిచి చూపిస్తే కనపడలేదన్నాడు. మర్నాడు అతనికీ కనపడింది. సద్దుల నాడు వెయ్యిస్తంభాల గుడి దగ్గర ఆడవాళ్ల మధ్య నిలబడి పాట అందుకున్నాను. బతుకమ్మ అన్న మాటలో ‘బ’ సగం వచ్చింది. ఏడుపొచ్చింది. పక్కనున్న ఆమె ఎందుకక్కా అని అడిగితే చెప్పాను, ఆమె నా చెయ్యి పట్టుకుని ఆట ఆపకుండా తిప్పింది.

అక్కడి నుంచి త్వరగానే వచ్చింది. నవంబర్ 30 పోలింగ్ నాటికి వాయిస్ ఓవర్ చెప్పగలిగాను. డిసెంబర్ 3న ఫలితాలు నా గొంతుతో పోయాయి. కన్ను మూసుకుంటోంది, టేప్ పోయింది. నవ్వితే మాత్రం మూతి కాస్త కుడికి లాగుతుంది. మేడారం జాతర 2024 ఫిబ్రవరి 21 నుంచి. నేను పోతానన్నాను. “ఇంకా కొంచెం తేడా కనపడుతోంది” అన్నారు ఆఫీసులో.

నాకు నిజంగా కోపం వచ్చిన రోజు అదే, ఆ కోపం ఇప్పటికీ ఉంది. మోరంచపల్లిలో ఇల్లు పోయిన ముసలవ్వ మొహాన్ని క్లోజప్‌లో చూపించాం. కాలిన మొహాలను, ఏడ్చే మొహాలను అడిగి మరీ చూపిస్తాం. ఆ వార్త చెప్పే మనిషి మొహం మాత్రం గీత గీసినట్టు సమానంగా ఉండాలా? అదీ ఆడమనిషిదైతేనే ఈ పట్టింపు ఎక్కువ. తల నెరిసి, బుగ్గలు జారిన మగ రిపోర్టర్లను అనుభవం ఉన్నవాళ్లంటారు, అది న్యాయమే. అదే న్యాయం మాకూ కావాలి. ఈ మాటలే ఫోన్‌లో చెప్పాను, గొంతు పెంచకుండా, ఒక్కొక్కటిగా. అవతల కాసేపు మాట లేదు. తర్వాత సరే పోండి అన్నారు.

గురువారం సాయంత్రం సమ్మక్కను చిలుకలగుట్ట నుంచి తెచ్చే వేళ. దారి పొడవునా జనం, ఎదురుకోళ్లు, ఇక్కడ బంగారమని పిలిచే బెల్లం మోసుకొచ్చే కుటుంబాలు. గుట్ట దిగుతుంటే పోలీసులు ఆనవాయితీ ప్రకారం గాల్లోకి కాల్పులు జరిపారు. మా కెమెరామన్ “అక్కా, కుడివైపు నుంచి ఫ్రేమ్ పెట్టనా?” అని మెల్లగా అడిగాడు. వద్దు తమ్ముడూ, ఎదురుగా పెట్టు అన్నాను. మేడారం, సమ్మక్క, జంపన్నవాగు, బంగారం అన్నీ నోటి నుంచి శుభ్రంగా వచ్చాయి. ఆ లైవ్ చూసి మొహం గురించి అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లు అడిగింది పార్కింగ్ ఎక్కడ, బస్సులు ఎప్పటిదాకా ఉన్నాయి అని.

ఇప్పటికీ బాగా అలసిపోయిన రోజు ఎడమ కన్ను కాస్త చిన్నదవుతుంది. అన్నం తినేటప్పుడు ఆ కంట్లో నీళ్లు వస్తాయి, నరం అతుక్కోవడంలో జరిగే చిన్న తేడా అది. దాంతో బతకొచ్చు.

ఈ మధ్య పరకాల వైపు నుంచి ఒకామె ఫోన్ చేసింది. తన తమ్ముడికి పొద్దున్నే మూతి వంకరపోయిందట, మీకూ ఇట్లనే అయిందని విన్న, పసరు ఎక్కడ పోస్తరో చెప్తరా అక్కా అంది. చెయ్యి, కాలు లేస్తున్నాయా, మాట తడబడుతోందా అని అడిగాను. స్ట్రోక్ అయితే గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే టైమ్ ఉంటుంది కాబట్టి, ఏ జబ్బో మనం ఇంట్లో తేల్చుకుంటూ కూర్చోవద్దని చెప్పాను. పొలం పని అయినంక రేపు పోతం అంది. రేపు కాదు చెల్లె, ఇప్పుడే అన్నాను. ఆమె ఫోన్ పెట్టకుండానే అవతల ఆటో కోసం ఎవరినో కేకేయడం వినిపించింది.