"ఏటమ్మా, నీకేటైనా జరిగిందేటి?"

నిన్ననే మా కార్యక్రమం అయిపోయింది. ఒళ్లు ఇంకా మండుతోంది, చల్లారకముందే రాసేస్తున్నా.

మాది విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీ. నవంబరు 25 మహిళలపై హింస నిర్మూలన దినం కదా, ఆ రోజు ఒక సభ పెట్టి, గోడలకి పోస్టర్లు అంటిద్దామని నలుగురం అనుకున్నాం. పోస్టరు నేనే రాశాను, ఒక్క రాత్రిలో. బాగా రాశాను కూడా. మూడు లాంతర్ల దగ్గర ప్రెస్సులో గంటలో ప్రూఫు తీసిచ్చారు. సభకి పోలీసు మేడమ్ అడగ్గానే వస్తానన్నారు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు వేసుకోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేకపోయింది.

పోస్టరు కింద ఒక్క గడి ఖాళీ. కాలేజీలో వేధింపుల ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? బోర్డు మీద కమిటీ పేర్లున్నాయి గానీ, మొదటి పేరు రెండేళ్ల కిందట బదిలీ అయిన మేడమ్‌ది. ఇప్పుడెవరండీ అని ఆఫీసులో అడిగాను. క్లర్కు పెద్దసారు వైపు చూశాడు. ఆయన కళ్లజోడు తీసి, ఫీజు లైనులో ఉన్న పదిమంది అబ్బాయిలకీ వినపడేలా అడిగారు: "ఏటమ్మా, నీకేటైనా జరిగిందేటి?"

లైనులో ఎవరో కిసుక్కున నవ్వారు. లేదు అని చెబితే "మరి నీకెందుకు" అంటారు. అవునంటే సాయంత్రానికి కాలేజీ అంతా నా కథే. నోరు పెగల్లేదు. ఫైలు ఛాతీకి అదుముకుని బయటికొచ్చేశాను. అంతటితో ఊరుకున్నారా? నెల్లిమర్లలో ఉన్న నాన్నకి ఫోన్ కొట్టారు. "ఏటి తల్లీ, ఎవుడైనా ఏటైనా అన్నాడేటి?" అని నాన్న గొంతు వణుకుతుంటే, అప్పుడొచ్చింది ఏడుపు.

తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఒకటే సలహా: ముగ్గుల పోటీ పెట్టండి, కొవ్వొత్తుల ర్యాలీ తీయండి, ఫొటోలు బాగా వస్తాయి. సిరిమాను రోజున పైడితల్లమ్మకి వంగి వంగి దండాలు పెట్టేది వీళ్లే మరి!

చివరికి మా పొలిటికల్ సైన్స్ మేడమ్ కాలేజీల్లో లైంగిక వేధింపుల మీద 2015 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నిబంధనలు చూపించారు. కమిటీకి సీనియర్ మహిళా అధ్యాపకురాలే అధ్యక్షురాలు. బయటి సభ్యులు ఒకరుండాలి. విద్యార్థుల విషయమైతే ముగ్గురు విద్యార్థులు కూడా ఉండాలి. డీన్లూ, డిపార్ట్‌మెంట్ హెడ్లూ సభ్యులుగా ఉండకూడదు. ఆ పేజీ జతచేసి అప్లికేషన్ పెట్టాను. మీకు చెప్పేదొకటే: నోటితో అడక్కండి. రెండు కాపీలు పట్టుకెళ్లి, ఒకదాని మీద తేదీ, ముద్ర వేయించుకోండి. ఫిర్యాదైనా అంతే, ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. ముద్ర పడ్డాక మాత్రం కదిలారు. మొదటిసారి అడిగిన తొమ్మిదో రోజున కొత్త పేర్లొచ్చాయి.

సభకి హాలు నిండింది. పెద్దసారు ముందు వరసలో కూర్చుని ఫొటో దిగారు.

ఆఫీసు బయట బోర్డు మీద ఇవాళ్టికీ పాత మేడమ్ పేరే ఉంది. రేపు దానికీ అప్లికేషన్ పెడుతున్నా. రెండు కాపీలు.