మామ్మగారి అరుగు మీద ఎండ

నరసాపురం ఎక్స్‌ప్రెస్ దిగిన దగ్గర నుంచి నాకు చిరాకే. స్టేషన్ దగ్గర దొరికిన గదికి కిటికీ ఉంది కానీ దాన్ని చెక్కతో మూసేసి, మీద క్యాలెండర్ తగిలించారు. పట్టపగలు ట్యూబులైటు. పైగా పన్నెండు వందలు! గోదావరి ఒడ్డుకు వచ్చి ఎండ మొహం చూడకుండా పడుకోవడం నాకు భరించరానిదిగా అనిపించింది.

చీరల అంచులకు డిజైన్లు గీయడం నా వృత్తి. మూడు నెలలుగా ఒక్క అంచు కూడా మనసుకు నచ్చలేదు. లేసు అల్లికలు చూస్తే ఏదైనా తడుతుందని వచ్చాను. మొదటి రోజంతా దుకాణాలకే సరిపోయింది. ప్లాస్టిక్ సంచుల్లో మడతపెట్టిన లేసు అంతా ఒకే తెలుపు.

మర్నాడు మాధవాయిపాలెం రేవులో రేవు దాటించే పంటు పడవ ఎక్కి, గోదావరి పాయ వశిష్ఠను దాటి, సఖినేటిపల్లిలో దిగాను. ఆటోకు నూట యాభై అడిగితే బేరమాడి వందకు ఒప్పించాను. స్నేహితురాలి బంధువు ఒక మామ్మగారు అరుగు మీద కూర్చుని లేసు అల్లుతున్నారు. నన్ను చూసి ముందుగా అన్న మాట: "రా అమ్మా, ఎండకు అడ్డం నిలబడకు."

పది వరసలకు ఒకసారి ఆమె అల్లికను ఎండలోకి చాపి, గచ్చు మీద నీడ చూస్తున్నారు. "దారం చూస్తే తప్పు దొరకదు. నీడలో కన్నం పెద్దదైతే వెంటనే తెలుస్తుంది" అన్నారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా ఇక్కడికి వచ్చిన పని ఇది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ మాట చెబితే మామ్మగారు, "కూలి కూడా పెరిగితే బాగుండు" అని మళ్లీ సూది అందుకున్నారు.

నేను ఆ నీడ దగ్గరే చతికిలబడ్డాను. గచ్చుకు జానెడు ఎత్తులో పువ్వు రేకులు విడివిడిగా కనిపించాయి. ఆమె చేతులు పైకెత్తగానే రేకులు కరిగి మసక చుక్కలయ్యాయి. నడిమధ్య ఆకాశానికి తెరిచి ఉండే మా అమ్మమ్మగారి మండువా ఇంట్లో మధ్యాహ్నపు ఎండ స్తంభం దాటి గడప దగ్గరకు వస్తే అన్నాలకు వేళయినట్టు. ఆ చోట ఇప్పుడు స్లాబు వేశారు. ఇన్నేళ్లూ నేను దారాన్నే గీశాను, కన్నాన్ని ఒక్కసారి కూడా గీయలేదు.

రెండు పీటల మధ్య లేసు కట్టి, కింద కాగితం పరిచి, నీడ అంచు వెంట పెన్సిలు నడిపాను. పావుగంట పట్టింది. రెండో కొసకు వచ్చేసరికి మొదటి కొస నీడ అర అంగుళం పైగా జరిగిపోయింది! పువ్వులన్నీ ఒకవైపు వాలి, గాలికి వంగిన వరి వెన్నుల్లా కనిపించాయి. చెరిపి మళ్లీ గీద్దామని రబ్బరు తీశాను, కానీ చెయ్యి రాలేదు. ఆ వాలు నేను కావాలని గీసినా వచ్చేది కాదు.

వెళ్లొస్తానని లేస్తే మామ్మగారు కాగితం అడిగి తీసుకుని చాలాసేపు చూశారు.

"నేయించాక ఒక ముక్క పంపు అమ్మా. ఎండలో పెట్టి చూస్తాను."