చిక్కుడుకాయలు, ఒక కిరాయి హంతకుడు

రాత్రి ఒంటిగంట దాటాక గానీ పుస్తకం మూయలేదు. పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత కాపీ, ఫ్రెడరిక్ ఫోర్సైత్ ‘ద డే ఆఫ్ ద జాకాల్’. నెలాఖరు లెక్కలతో వారమంతా బుర్ర వేడెక్కిపోయింది. ఇలాంటప్పుడు చెయ్యి పట్టుకుని పరుగెత్తించే పుస్తకం ఒకటి ఉంటే నాకు ప్రాణం లేచొస్తుంది.

పొద్దున కాఫీలయ్యాక అమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది. “కళ్లు అంత ఎర్రగా ఉన్నాయేంటి?” అంది. చెప్పాను. “అయితే ఆ కథేదో చెప్పు, ఈనెలు తీస్తూ వింటా.” పెళ్లికి ముందు అద్దె లైబ్రరీ నుంచి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు తెచ్చుకుని చదివిన మనిషి. ఇంగ్లీషు చదవదు గానీ నేరం, పరిశోధన అంటే ఇప్పటికీ అదే ఆసక్తి.

మొదలుపెట్టాను. తమ దేశం ఏలుబడిలో ఉన్న అల్జీరియాని వదులుకున్నాడని ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ మీద ఓ రహస్య ముఠాకి పగ. 1962 ఆగస్టులో పారిస్ శివార్లలో ఆయన కారు మీద నిజంగానే తూటాలు కురిపించారు, బతికి బయటపడ్డాడు. రచయిత కల్పన ఆ తర్వాత మొదలవుతుంది. ఇక తమవల్ల కాదనుకుని ముఠావాళ్లు అయిదు లక్షల డాలర్లకి ఓ ఇంగ్లీషువాణ్ణి కుదుర్చుకుంటారు.

“చంపేశాడా?”

“లేదమ్మా, డిగాల్ 1970లో ఇంట్లోనే పోయాడుగా.”

“తెలిసిపోయాక ఇంకేముంది చదవడానికి?”

అక్కడే ఉంది ఈ పుస్తకం సత్తా అంతా. వాడు గెలవడని తెలిసి కూడా, వాడి ఏర్పాట్లు ఒక్కొక్కటీ కుదురుతుంటే నాకు ఊపిరాడలేదు. కారు మీద ఆ దాడి జరిగిన రోజుల్లో ఫోర్సైత్ పారిస్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ విలేకరి. ఈ నవల 35 రోజుల్లో రాశాడు. ఆ ఊపు ప్రతి పేజీలోనూ తగులుతుంది.

హంతకుడు ఇంగ్లండ్ పల్లెల్లో చర్చి సమాధుల మధ్య తిరుగుతాడు. పసితనంలోనే పోయిన ఒక పిల్లాడి పేరు పట్టుకుని, వాడి జనన ధ్రువపత్రం తెప్పించి, దానితో పాస్‌పోర్టు సంపాదిస్తాడు. ఇది చెప్పగానే అమ్మ చేతులు ఆగిపోయాయి. “అయ్యో, ఆ కన్నతల్లికి తెలిస్తే ఏమైపోతుందే” అంది. రాత్రి ఆ పేజీలు ఎంత ఉత్సాహంగా తిప్పానో! ఆ తల్లి నాకు తట్టనే లేదు. కాసేపు నోట మాట రాలేదు.

తర్వాత పోలీసు అధికారి లెబెల్ వచ్చాడు. హడావుడి లేని చిన్నపాటి మనిషి. చేతిలో ఉన్నది ఒక మారుపేరు మాత్రమే, దాంతోనే దేశదేశాల పోలీసులకి ఫోన్లు చేస్తూ వేట మొదలుపెడతాడు. యుగంధర్‌లాగే ఉన్నాడే అని అమ్మ మురిసిపోయింది.

ఆగస్టు 25, పారిస్ విముక్తి దినం దాకా వచ్చేసరికి చిక్కుడుకాయలు అయిపోయాయి.

“ఆగాగు. కూర పొయ్యి మీద పడేసి వస్తా. నేనొచ్చేదాకా నోరు విప్పకు.”

పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వంటింట్లో పోపు చిటపటలు వింటూ కూర్చున్నాను.