రాళ్లకు కొండపిండి ఆకు పనిచేస్తుందా?

కిడ్నీలో రాయి ఉందని తెలిస్తే చాలు, ఉలవచారు తాగు, అరటి దూట రసం తాగు, కొండపిండి ఆకు పప్పులో వేసుకో అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చెప్పేస్తారు. అదంతా వట్టి మాట అని కొట్టిపారేయలేం. ఎక్కువ రాళ్లు కాల్షియం, ఆక్సలేట్ (కొన్ని ఆకుకూరల్లో ఉండే, ఒంట్లోనూ తయారయ్యే పదార్థం) కలిసి ఏర్పడే స్ఫటికాలే. ఆ స్ఫటికాల వల్ల కిడ్నీ నాళికల లోపలి కణాల్లో ఫ్రీ రాడికల్స్ (కణాలకు హాని చేసే చురుకైన అణువులు) పుట్టి, కణాలు దెబ్బతిని, సరిగ్గా అలాంటి చోటే కొత్త స్ఫటికాలు అతుక్కుంటాయి. మొక్కల్లోని పాలీఫినాల్స్ అనే యాంటీఆక్సిడెంట్లు (ఫ్రీ రాడికల్స్‌ను అణిచే పదార్థాలు) ఈ దెబ్బను తగ్గిస్తాయని ఎలుకల్లో (ఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం తాగించి రాళ్లు తెప్పించి మరీ, పాపం!) చాలాసార్లు చూశారు. మనుషుల్లో మాత్రం గట్టి రుజువులు తక్కువ. పైగా ఇది కొత్త రాయి ఏర్పడకుండా చూసే సంగతి, ఉన్నదాన్ని కరిగించడం కాదు.

ఇంకో తిరకాసు ఉంది. యాంటీఆక్సిడెంటే కదా అని విటమిన్ సి మాత్రలు తెగ మింగితే అందులో కొంత ఒంట్లో ఆక్సలేట్‌గా మారుతుంది. పాలకూరలోనూ ఆక్సలేట్ దండిగా ఉంటుంది.

నా ఓటు నిమ్మకాయ నీళ్లకే, ఎందుకంటే నిమ్మలోని సిట్రేట్ మూత్రంలో కాల్షియాన్ని పట్టుకుని ఆక్సలేట్‌తో కలవనివ్వదు. ఉప్పు మాత్రం వేసుకోకండి, సోడియం ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ పోతుంది. రోజుకు 2.5 లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగాలి. నొప్పితో పాటు జ్వరం వస్తే ఆకులూ రసాలూ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.