పాలమూరు రైలు దిగే చోటు

మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు బస్సులకు కొదవ లేదు. అయినా కాచిగూడ స్టేషన్‌ను తీరిగ్గా చూడాలంటే రైల్లోనే వెళ్లాలనిపించింది. ఆ కట్టడానికీ మా రైలు దారికీ ఒకటే వయసు మరి. గద్వాల దాకా మీటర్ గేజ్ పట్టాలు పడ్డదీ, కాచిగూడ స్టేషన్ లేచిందీ 1916లోనే, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో.

షాద్‌నగర్ వచ్చేసరికి పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. పక్కన కూర్చున్న పెదనాన్న పాత రోజులు తవ్వి తీస్తున్నారు. "బొగ్గింజను కాలంలో కిటికీ దగ్గర కూర్చుంటే, దిగేసరికి కళ్ల నిండా నలుసులేరా!" 1990లలో బ్రాడ్ గేజ్ అయింది, ఇప్పుడు కరెంటు ఇంజన్లు, రెండో లైను. మలక్‌పేట దాటి మూసీ వంతెన మీదికి రాగానే అందరూ సంచులు సర్దుకున్నారు.

ప్లాట్‌ఫాం మీద నిలబడితే ఈ భవనం అందం తెలియదు. బయటికొచ్చి, ఆటోలు ఆగే చోటు దాటి, వెనక్కి తిరిగి చూడాలి. నడుమ పెద్ద గుమ్మటం, అటూ ఇటూ చిన్న గుమ్మటాలు, వాటికి తోడు సన్నని మినార్లు. రైల్వే స్టేషనా, రాజుగారి కొలువుకూటమా అనిపిస్తుంది. దీనికి రూపమిచ్చినది విన్సెంట్ ఎష్ అనే ఆంగ్లేయ వాస్తుశిల్పి. మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి నిర్మాణాల్లోనూ ఆయన చెయ్యి ఉంది.

దగ్గరికి వెళ్లి కమాను అంచు తడిమాను. దూరం నుంచి చెక్కిన రాయిలా కనిపించేదంతా నిజానికి కాంక్రీటు. అచ్చుల్లో ముందే పోతపోసి, తెచ్చి అమర్చారు. ఆ రోజుల్లో మన దేశానికి అది కొత్త పద్ధతి. జూరాల ఆనకట్ట పనుల్లో ఏళ్ల తరబడి కాంక్రీటు పోసిన పెదనాన్న ఆ అంచు మీద వేలు పెట్టి, "అచ్చు విప్పేటప్పుడు కొస చెదిరితే మొత్తం దండగే. ఎవరు చేశారో గాని, చెయ్యి తిరిగినవాళ్లు" అన్నారు. నేను చదివిన పుస్తకాలేవీ ఆ పనిని నాకు అంత దగ్గరగా చూపలేదు.

నగరంలోని పెద్ద స్టేషన్లలో సికింద్రాబాద్ 1874 నాటిది, నాంపల్లి 1907 నాటిది. సికింద్రాబాద్ పాత ముఖద్వారాన్ని కొత్త భవనాల కోసం 2025లో కూల్చేశారు. జనం పెరిగారు, కొత్త స్టేషన్ అవసరమే, కాదనను. కానీ కాచిగూడ గుమ్మటాల జోలికి మాత్రం ఎవరూ పోకూడదని నా మనసారా కోరిక.