అటు వేటగాడు, ఇటు వేట, నడుమ బీచ్ రోడ్డు

విశాఖపట్నం బీచ్ రోడ్డులో సముద్రం వైపు ఇసుకలో ఐఎన్‌ఎస్ కురుసుర అనే జలాంతర్గామి ఉంటుంది. రోడ్డు దాటితే దానికి ఎదురుగా టీయూ-142 అనే నౌకాదళ విమానం రెక్కలు చాచుకొని నిలబడి ఉంటుంది. మొదటిది నీటి కింద దాక్కోవడానికి పుట్టినది, రెండోది అలా దాక్కున్నవాటిని వెతికి పట్టుకోవడానికి పుట్టినది. రెండూ మన నౌకాదళానివే, రెండూ సోవియట్ దేశంలో తయారైనవే, ఇప్పుడు రెండూ ప్రదర్శనశాలలే. నడుమ మొక్కజొన్న పొత్తులు కాల్చే బండ్లు ఉంటాయి.

మొన్న సెలవుల్లో పదో తరగతి చదివే మా మేనల్లుణ్ణి అక్కడికి తీసుకువెళ్ళాను. యుద్ధ విమానాల వేగం, క్షిపణుల పరిధి, ట్యాంకుల బరువు వాడికి నోటికి వచ్చు. ఫోనులో రెండు ఆయుధాలను పక్కపక్కన పెట్టి అంకెలు పోల్చడం వాడికి కాలక్షేపం. రోడ్డు దాటుతూ అటూ ఇటూ చూసి, "మావయ్యా, ఈ రెండిటికీ పోటీ పెడితే ఏది గెలుస్తుంది?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు అక్కడికక్కడ ఏదో చెప్పి తప్పించుకున్నాను గాని, ఇంటికి వచ్చాక కూడా అది నన్ను వదలలేదు. ఆయుధాల గురించి మనం మాట్లాడుకునే పద్ధతిలో నాకు చాలాకాలంగా ఉన్న అసంతృప్తి అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నట్టు అనిపించింది.

ముందు కురుసుర సంగతి. 1969 డిసెంబరులో రీగా రేవులో మన నౌకాదళంలో చేరి, 31 ఏళ్ళు పనిచేసి, 2001 ఫిబ్రవరిలో విరమించి, మరుసటి ఏడాది ఆగస్టులో ప్రదర్శనశాల అయింది. పొడవు 91 మీటర్లు. ముందు ఆరు, వెనుక నాలుగు గొట్టాలు, నీటిలో దూసుకుపోయి పేలే టార్పెడోలను వదలడానికి. బయటినుంచి చూస్తే పెద్ద ఓడే, లోపలికి వెళితే మాత్రం మన రైలు స్లీపర్ పెట్టెలోని నడవ విశాలంగా ఉందనిపిస్తుంది. ఒక గది నుంచి మరో గదికి వెళ్ళే గుండ్రని తలుపుల్లోంచి ముందు ఒక కాలు, తరువాత వంచిన తల, ఆ తరువాత రెండో కాలు పోనిస్తే తప్ప దాటలేము. అడుగడుగునా ఇత్తడి చక్రాలు, మీటర్లు, తల మీద గొట్టాలు, ఇంతకాలమైనా వదలని నూనె వాసన. మాకు చూపించినవారు ఒకప్పుడు జలాంతర్గాముల్లోనే పనిచేసి విరమించిన నావికుడు. టార్పెడో గదిలో ఆగి, "లోపల స్పానర్ జారి కింద పడినా బయట సముద్రానికి కబురు పంపినట్టే, బాబూ" అన్నారు. మా వాడు అప్పటిదాకా గొట్టాలు లెక్కపెడుతున్నవాడు, ఆ మాటకు లెక్క ఆపాడు.

ఈ తరహా జలాంతర్గామి నీటి కింద బ్యాటరీల మీద నడుస్తుంది. ఆ బ్యాటరీలు తరిగిపోతే డీజిల్ ఇంజన్లు నడిపి నింపుకోవాలి, ఇంజన్లకు గాలి కావాలి, గాలి కోసం ఉపరితలం దగ్గరికి వచ్చి స్నార్కెల్ అనే గొట్టం పైకి ఎత్తాలి. సముద్రం మీద అంత చిన్న గొట్టం ఎవరికి కనిపిస్తుందిలే అనుకుంటాము గాని, పైన తిరిగే విమానంలోని రాడార్ వెతికేది సరిగ్గా దాన్నే. పైగా ఆ సమయంలో ఇంజన్ల చప్పుడు నీటిలో చాలా దూరం పోతుంది. అంటే కురుసుర వంటి నౌక ఎంత చాకచక్యంగా దాక్కున్నా, కొన్నాళ్ళకొకసారి ఊపిరి కోసం పైకి రాక తప్పదు. ఆ క్షణం దాకా విసుగు లేకుండా తిరుగుతూ ఉండగల విమానమే దానికి శత్రువు. టీయూ-142ను ఆ పనికే తెచ్చుకున్నారు: 1988లో ఎనిమిది విమానాలు, రెక్కల కొస నుంచి కొస దాకా సుమారు 50 మీటర్లు, నాలుగు ఇంజన్లు, ఒక్కొక్క ఇంజనుకు ఎదురెదురు దిశల్లో తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. వీటిని పోరాట విమానాల పక్కన పెట్టి చూస్తే జెట్లముందు ఎడ్లబండిలా కనిపిస్తాయి. పది గంటలకు పైగా గాలిలో ఉండి సముద్రాన్ని జల్లెడ పట్టే పనిలో మాత్రం ఆ జెట్లు దీనికి సాటి రావు. 2017 మార్చిలో అరక్కోణంలో ఇవి విరమించాయి. వాటిలో ఒకటి మరుసటి నెలలో విశాఖకు ఎగిరి వచ్చింది, ఆ ఏడాది డిసెంబరులో ప్రదర్శనశాలగా తెరుచుకుంది.

ఇప్పుడు ఆ పని పీ-8ఐ చేస్తోంది. 2009లో ఎనిమిది, 2016లో మరో నాలుగు కొనుక్కున్న ఈ విమానాలు ప్రయాణికుల బోయింగ్ 737 ఒడ్డూపొడుగుల మీద కట్టినవి. అమెరికా తన సొంత పీ-8లలో వదిలేసిన అయస్కాంత శోధక పరికరాన్ని మనవాళ్ళు అడిగి మరీ పెట్టించుకున్నారు. ఉక్కు నౌక వల్ల భూమి అయస్కాంత క్షేత్రంలో వచ్చే చిన్న తేడాను అది పసిగడుతుంది. ఇది మంచి కొనుగోలు అని నేను నమ్ముతాను. అయితే మా వాడి ఫోనులోని పట్టికలో పీ-8ఐ పక్కన వేగం, పరిధి, క్షిపణులు ఉన్నాయి గాని, ఆ విమానం నిజంగా దేనితో వింటుందో ఆ సంగతి లేదు.

అది వినేది సోనోబాయ్‌లతో. విమానం నుంచి కిందికి వదిలే గొట్టం ఇది. పాశ్చాత్య దేశాల్లో వాడుకలో ఉన్నది సుమారు మూడడుగుల పొడవు, 12 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉంటుంది. నీటిలో పడగానే పైభాగం తేలుతూ రేడియో సంకేతాలు పంపుతుంది, కింది భాగం తీగకు వేలాడుతూ లోతుకు దిగి చెవి ఒగ్గుతుంది. కొన్ని గంటలు పనిచేసి దానంతట అదే మునిగిపోతుంది. తిరిగి తెచ్చుకోవడం ఉండదు. ఒక్క జలాంతర్గామిని వెంబడించాలన్నా ఇవి వరసలు వరసలుగా డజన్ల కొద్దీ చల్లాలి. 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం మనకు వీటిని అమ్మడానికి ఆమోదం తెలిపినప్పుడు చెప్పిన విలువ 5.28 కోట్ల డాలర్లు, అంటే అప్పటి లెక్కలో సుమారు 440 కోట్ల రూపాయలు. ఆ జాబితాలో మూడు రకాలు ఉన్నాయి: ఊరికే వినేది, తానే శబ్దం చేసి ప్రతిధ్వనిని వినేది, ఇక మూడోది లోతుతో పాటు నీటి ఉష్ణోగ్రత ఎలా మారుతోందో కొలిచేది.

ఈ మూడోదాని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నా వాదన అంతా దానిలోనే ఉంది. శబ్దం వెచ్చటి నీటిలో వేగంగా, చల్లటి నీటిలో నెమ్మదిగా పోతుంది. అలా పోయేటప్పుడు చల్లటి వైపుకు ఒంగుతుంది. ఉదయం సముద్రం పైపొర అంతా ఒకే వేడిలో ఉన్నప్పుడు, నీటిలో శబ్దాన్ని వినే పరికరమైన సోనార్‌కు దూరం దాకా వినిపించిన నౌక, మధ్యాహ్నం ఎండకు పైనీరు కాగగానే శబ్దం కిందికి ఒంగిపోవడం వల్ల కొద్ది దూరంలో ఉన్నా వినిపించకుండా పోతుంది. 1930లలో అమెరికా నౌకాదళంలో ఇదే జరిగితే, సోనార్ దగ్గర కూర్చున్నవాళ్ళు భోజనం చేసి కునుకు తీస్తున్నారేమోనని పైవాళ్ళు అనుమానించారట. చివరికి సముద్ర శాస్త్రజ్ఞులు వచ్చి తప్పు మనుషులది కాదు, నీటిదని తేల్చారు. మన బంగాళాఖాతంలో దీనికి తోడు మరొక చిక్కు ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరు ఉప్పునీటి మీద పలచని పొరగా పరుచుకుంటుంది, వానాకాలం వెళ్ళాక అది మరీ ఎక్కువ. తీరం దగ్గర లోతు తక్కువ చోట చిటచిటమని చప్పుడు చేసే ఒక జాతి రొయ్యల సందడి వేరే. ఇవన్నీ కలిసి, అట్లాంటిక్ కోసం రాసిన పుస్తకంతో ఇక్కడ వేటాడడం కుదరని పరిస్థితి. ఏ నెలలో, ఏ లోతున, ఏ పూట శబ్దం ఎటు ఒంగుతుందో ఏళ్ళ తరబడి కొలిచి రాసుకున్నవాడిదే ఈ సముద్రం. ఆ లెక్క ఎవరూ అమ్మరు.

1971 డిసెంబరు 3, 4 తేదీల నడుమ రాత్రి ఇదే తీరానికి దగ్గరలో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. మన రాజ్‌పుత్ నౌక వదిలిన పేలుడు పదార్థాల వల్ల అని మనమూ, తాను పరిచిన మందుపాతరల వల్లనే అని వాళ్ళూ ఇప్పటికీ అంటూనే ఉన్నారు. ఆ విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం కూడా ఇదే బీచ్ రోడ్డులో ఉంది. అంత దగ్గరికి వచ్చిన నౌక సంగతే ఇంత కాలానికీ ఇద్దరూ ఒప్పుకునేలా తేలలేదంటే, నీటి కింద జరిగేది తెలుసుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

అందుకే నా ఫిర్యాదు కొనే విమానాల మీద కాదు, వాటితో పాటు కొననివాటి మీద. నౌకను జలప్రవేశం చేయించేటప్పుడు కొబ్బరికాయ కొడతారు, విమానం దిగితే నీళ్ళు చిమ్మి స్వాగతం పలుకుతారు. సముద్రంలో పారేసే గొట్టానికీ, పేలిపోయే టార్పెడోకూ అటువంటి వేడుక ఉండదు. కల్వరి తరగతి జలాంతర్గాములనే తీసుకోండి. ముంబయిలో కట్టిన ఆరింటిలో మొదటిది 2017 డిసెంబరులో, చివరిది వాగ్‌షీర్ 2025 జనవరిలో నౌకాదళంలో చేరాయి. వాటి కోసం అనుకున్న 98 ఇటలీ టార్పెడోల కొనుగోలు, ఆ సంస్థ మాతృసంస్థ హెలికాప్టర్ల కుంభకోణంలో ఇరుక్కోవడంతో రద్దయింది. కొత్త జలాంతర్గాములు పాత టార్పెడోలతోనే సరిపెట్టుకున్నాయి. చివరికి 2025 డిసెంబరులో, తిరిగి ఆ ఇటలీ సంస్థతోనే, 48 టార్పెడోలకు సుమారు 1,896 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. ఒక్కొక్క జలాంతర్గామి 18 ఆయుధాలు మోయగలదు. 48ని ఆరుకు పంచితే ఎనిమిదేసి వస్తాయి. అవినీతిని సహించాలని నేను అనడం లేదు. శిక్ష అమ్మినవాడికి పడిందో లేదో గాని, వాడుకోవలసినవాడికి మాత్రం పడింది.

ఊపిరి సమస్య కూడా ఇలాంటిదే. గాలి అవసరం లేకుండా నీటి కిందనే విద్యుత్తు తయారుచేసుకునే ఏఐపీ అనే ఏర్పాటు ఉంటే స్నార్కెల్ ఎత్తే అవసరం బాగా తగ్గుతుంది. పాకిస్థాన్ జలాంతర్గాముల్లో అది ఎప్పటినుంచో ఉంది. మన రక్షణ పరిశోధన సంస్థ తయారుచేసిన దాన్ని మన జలాంతర్గాముల్లో అమర్చడానికి 1,990 కోట్ల రూపాయల ఒప్పందం 2024 డిసెంబరు 30న జరిగింది, అంటే ఆరో నౌక చేరడానికి సరిగ్గా పదహారు రోజుల ముందు. మరమ్మతుల వేగం గురించి చెప్పాలంటే, మా ఊరి నౌకానిర్మాణ కేంద్రానికి 2006లో వచ్చిన సింధుకీర్తి అనే జలాంతర్గామి 2015లో గాని తిరిగి నౌకాదళానికి వెళ్ళలేదన్న ఒక్క మాట చాలు.

మంచి కబురు లేదని కాదు. విశాఖలోని నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల రూపొందించిన వరుణాస్త్ర 2016లో నౌకాదళానికి అందింది. విద్యుత్తుతో నడిచే ఈ టార్పెడో బరువు సుమారు ఒకటిన్నర టన్ను. దాని తయారీకి 2019లో భారత్ డైనమిక్స్‌తో 1,187 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. నా దృష్టిలో దీని విలువ దాని వేగంలో లేదు. మన సముద్రంలో అది గురి తప్పితే ఎందుకు తప్పిందో తెలుసుకొని, లోపలి లెక్క మార్చి, మరుసటి నెలలో మళ్ళీ వదిలి చూడగల అధికారం మన చేతిలో ఉండడంలో ఉంది. కొన్న టార్పెడోకు ఆ మార్పు కావాలంటే ఉత్తరం రాసి, బదులు కోసం ఎదురుచూసి, దానికి మళ్ళీ డబ్బు కట్టాలి. 2025 జూన్‌లో విశాఖ నేవల్ డాక్‌యార్డులోనే నౌకాదళంలో చేరిన అర్ణాలా కూడా నాకు అందుకే నచ్చింది: 77 మీటర్ల చిన్న నౌక, తీరం దగ్గర లోతు తక్కువ నీటిలో జలాంతర్గాములను వెతకడమే పని. పత్రికల్లో దాని వార్త లోపలి పేజీకి పోయింది గాని, ఘాజీ వచ్చినది అటువంటి నీటిలోకే.

ఆ రోజు చివరగా టీయూ-142 పక్కనున్న ప్రదర్శనలోకి వెళ్ళాము. ఇంజను ముందు, ప్రొపెల్లర్ ముందు, క్షిపణి ముందు జనం నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. మా వాడు కూడా మూడింటి దగ్గరా తీయించుకున్నాడు. సోనోబాయ్‌ల దగ్గర ఎవరూ లేరు. నేను ఆగి చూస్తుంటే వచ్చి పక్కన నిలబడి, "దీని రేంజి ఎంత మావయ్యా?" అని అడిగాడు. "పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి" అన్నాను. ఎగతాళి చేస్తున్నాననుకొని నవ్వాడు. తరువాత రోడ్డు దాటి ఇసుక మీద నడుస్తున్నంత సేపూ, అది ఎలా కుదురుతుందని అడుగుతూనే ఉన్నాడు.